ట్రాన్స్‌పాండర్ తగాదా: కథ కుబేర్ బోటు దగ్గర మొదలైంది

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ట్రాన్స్‌పాండర్ల గొడవ మళ్లీ రాజుకుంది. బోటు ఉన్నచోటును ఉపగ్రహం మీదుగా ఒడ్డుకు పంపే ఈ పెట్టెను కేంద్రం ఉచితంగా ఇస్తోంది. ఇది ఆపదలో ప్రాణం కాపాడుతుందని మత్స్యశాఖ అంటోంది. నెత్తిన కాపలా పెడుతున్నారని బోటు యజమానులు అంటున్నారు. అధికారులు ఈ కథను 2017 ఓఖీ తుపానుతో మొదలుపెడతారు. జెట్టీ మీద మాత్రం 2008 నుంచి లెక్కేస్తారు. జరిగిన వరస చూస్తే జెట్టీ లెక్కకే బలం ఎక్కువ.

2008 నవంబరులో ముంబయి మీద దాడికి వచ్చినవాళ్లు పోర్‌బందర్‌కు చెందిన కుబేర్ అనే చేపల బోటును నడిసముద్రంలో పట్టుకుని, దాని మీదే ముంబయి చేరువ దాకా వచ్చారు. అప్పటిదాకా కాపాడాల్సినదిగా ఉన్న చేపల బోటు ఆ రాత్రితో అనుమానించాల్సినది కూడా అయింది. మత్స్యకారులకు బయోమెట్రిక్ కార్డులు, రాష్ట్రానికో రంగు చొప్పున బోట్లకు పెయింటు, రిజిస్ట్రేషన్ తనిఖీలు వరసగా వచ్చిపడ్డాయి. 20 మీటర్లు దాటిన బోట్లకు ఏఐఎస్ పెట్టాలన్నారు.

ఏఐఎస్ అంటే బోటు పేరు, ఉన్నచోటు, వేగం, దిశ వీహెచ్ఎఫ్ రేడియో మీద ఆగకుండా చాటే పరికరం. ఆ పరిధిలో రిసీవరున్న ఎవరైనా చూడొచ్చు. ఓడలు గుద్దుకోకుండా ఉండటానికి మంచిదే, వేటలో మాత్రం అదే చిక్కు. రొయ్య ఎక్కడ పడుతుందో, అడుగున ఏ రాయికి తగిలి వల చిరుగుతుందో డ్రైవరు ఏళ్ల తరబడి జీపీఎస్‌లో గుర్తులు పెట్టుకుంటాడు. ఆ పాయింట్లే అతని ఆస్తి. ఒకేచోట రెండు మూడు నాట్ల నెమ్మది వేగంతో గంటలకొద్దీ అటూఇటూ తిరుగుతున్న చుక్కను తెర మీద చూస్తే, అక్కడ వల పడిందని పక్క బోటు డ్రైవరుకు వేరే చెప్పక్కర్లేదు. విశాఖ బోట్లలో చాలావరకు 20 మీటర్ల లోపువే కావడంతో ఆ నిబంధన వాటిదాకా రాలేదు. చిన్న బోట్ల మీద ఏం పెట్టాలన్న వెతుకులాటకు మాత్రం అక్కడే బీజం పడింది.

ఆపద పరికరాలు వచ్చిన దారి వేరు. ఆపద సంకేతం పంపడానికి ఇస్రో తయారుచేసిన డాట్ అనే పరికరం 2010 నుంచి వాడుకలో ఉంది. నిప్పంటుకున్నా, బోటు మునుగుతున్నా, మనిషి నీళ్లలో పడ్డా, వైద్యసాయం కావాల్సి వచ్చినా దానికి తగిన మీట నొక్కితే సంకేతం ఉపగ్రహం మీదుగా చెన్నైలోని కోస్ట్‌గార్డు కేంద్రానికి చేరుతుంది. తిరుగు జవాబు మాత్రం రాదు. తన కేక ఎవరికైనా వినబడిందో లేదో మునిగే బోటులో ఉన్నవాడికి తెలియదు. జవాబు కూడా తెచ్చే రెండో తరం డాట్ గురించి ఇస్రో 2024 జనవరిలో గానీ ప్రకటించలేదు. అయినా డాట్ మీద హార్బర్‌లో పేచీ లేదు, మనిషి నొక్కితేనే అది పలుకుతుంది కాబట్టి.

ఇక ఓఖీ. 2017 నవంబరు 29న వాయుగుండంగా ఉన్నది మర్నాటికే తుపానైంది. కేరళ, కన్యాకుమారి బోట్లు అప్పటికే లోతు సముద్రంలో ఉన్నాయి. ఫోను సిగ్నలు తీరం నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే అందదు. వాళ్లకు కబురు చేర్చే దారే లేకపోయింది, వందల మంది పోయారు. విశాఖ అనుభవం ఇలాంటిది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటే నాటికి హెచ్చరిక వచ్చి రోజులైంది. ఇక్కడ దెబ్బతిన్నవి రేవులో కట్టేసిన బోట్లు.

ఓఖీ తర్వాత 2019 అక్టోబరులో జెమిని పరికరం వచ్చింది. గగన్ ఉపగ్రహ సంకేతాల మీద సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ పంపే తుపాను, అలల హెచ్చరికలను అది అందుకుని బ్లూటూత్‌తో ఫోనుకు చేరుస్తుంది. వినడమే దాని పని, ఎవరికీ ఏమీ చెప్పదు. హెచ్చరికే అసలు అవసరమైతే అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. వినడమే వచ్చిన పెట్టె ఆపదలో ఉన్న బోటు జాడ చెప్పలేదన్నది మత్స్యశాఖ సమాధానం. కాదనలేం గానీ, ఆపద లేనప్పుడు కూడా జాడ ఎందుకన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

లక్ష బోట్లకు 364 కోట్ల రూపాయలతో ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకానికి 2023 ఆగస్టులో ఆమోదం లభించింది. 2024 ఆగస్టు 30న పాల్‌ఘర్‌లో ప్రధాని దాన్ని ప్రారంభించారు. పెట్టె బోటు ఉన్నచోటును జీశాట్-6 మీదుగా ఒడ్డుకు పంపుతుంది, అటునుంచి వచ్చే సందేశాలు ఫోనులోని నభ్‌మిత్ర యాప్‌లో కనిపిస్తాయి. ఈ జీశాట్-6 చరిత్ర కూడా విచిత్రమే. దేవాస్ అనే ప్రైవేటు కంపెనీతో ఇస్రో వాణిజ్య విభాగం చేసుకున్న ఒప్పందం కోసం తలపెట్టిన ఉపగ్రహం ఇది. 2011లో ఆ ఒప్పందం రద్దయింది, ఇది 2015 ఆగస్టు 27న కక్ష్యలోకి వెళ్లింది. దానికి కట్టిన ఆయుష్షు తొమ్మిదేళ్లు. అంటే పథకం మొదలైన నెలలోనే ఆ గడువు తీరింది. ఇంధనం ఉన్నంతకాలం ఉపగ్రహాలు గడువు దాటి పనిచేయడం మామూలే. కానీ దీని జోడీ జీశాట్-6ఏ 2018 మార్చిలో ఎగిరిన కొద్ది రోజులకే సంబంధాలు తెగి చేజారింది.

విశాఖకు ఒక వెసులుబాటుంది. జీశాట్-6 ఉన్నది 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, మన ఊరు కూడా దాదాపు అదే రేఖ మీద ఉంది. హార్బర్‌లో నిలబడితే ఉపగ్రహం సరిగ్గా దక్షిణాన, సుమారు 69 డిగ్రీల ఎత్తున ఉంటుంది. క్యాబిన్ పైకప్పు మీద యాంటెనాను ఇనప స్తంభానికి, లైట్ల బద్దీకి ఎడంగా, ఆకాశం బాగా కనబడేలా బిగిస్తే చాలు, తిప్పి గురిపెట్టే పనిలేదు. తడి వల తెచ్చి దాని మీద పడేస్తే మాత్రం సంకేతం పోతుంది. ఎక్కువగా తేడా వచ్చేది కరెంటు దగ్గర. దగ్గర్లో ఉందని లైట్ల వైరుకే కలిపేస్తారు. ఇంజన్ స్టార్టు చేసినప్పుడు బ్యాటరీ వోల్టేజి ఒక్కసారిగా పడి పెట్టె ఆగి మళ్లీ మొదలవుతుంది. బ్యాటరీ నుంచి విడిగా వైరు లాగి, దారిలో ఫ్యూజు పెట్టి, కనెక్టరు మీద నీరు చొరని టేపు చుట్టాలి. లేకపోతే ఉప్పుగాలికి పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో బోట్లు ఖాళీగా ఉంటాయని అప్పుడు బిగిస్తే ఇంకో ఇబ్బంది. ఇంజన్ అదురు, అలల కుదుపు లేనిచోట పరీక్ష చేస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, లోపం బయటపడేది నడిసంద్రంలోనే.

పెట్టె వల్ల చేపల జాడ కూడా తెలుస్తుందని ఊరిస్తున్నారు. సముద్రపు పైనీటి వేడి, పచ్చదనం ఉపగ్రహాలతో చూసి ఇన్‌కాయిస్ ఆ సూచనలు తయారుచేస్తుంది. మబ్బు పడితే ఆ కెమెరాలకు నీరు కనబడదు. నిషేధం ముగిసి బోట్లు కదిలేదేమో రుతుపవనాల మబ్బుల్లోనే.

అసలు భయం ఎనిమిది కిలోమీటర్ల గీత గురించి. తీరం నుంచి ఆ గీత లోపల మరబోట్లు వేటాడకూడదు. ఇన్నాళ్లూ దాటారా లేదా అన్నది మాటల మీద నడిచేది, ఇప్పుడు ప్రతి బోటు నడిచిన దారి తెర మీద జాడగా మిగులుతుంది. ఆ జాడను ఎవరెవరు చూడొచ్చు, ఎన్నాళ్లు దాస్తారు, జరిమానాకు సాక్ష్యంగా వాడతారా అన్నవి యజమానుల ప్రశ్నలు. తెప్పల మీద వెళ్లేవాళ్ల లెక్క వేరు. 2022 జనవరిలో చేపల గుంపును చుట్టేసే రింగు వలల గొడవలో విశాఖ తీరాన బోట్లు తగలబడినప్పుడు తగాదా అంతా ఆ వలలు గీతకు లోపల వేశారా, బయట వేశారా అన్నదాని మీదే. ఆ జాడ సాక్ష్యమైతే మొదట లాభపడేది వాళ్లే.