షెల్టా గుహ క్రేఫిష్: అసలు కథ 1968లో బిగించిన గేటు దగ్గర ఉంది

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో హంట్స్‌విల్ అనే నగరం ఉంది. ఆ నగరంలో ఇళ్ల కింద, రోడ్ల కింద షెల్టా అనే సున్నపురాయి గుహ పరుచుకుని ఉంది. ఆ గుహలోని నీళ్లలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా కనిపించని తెల్లటి క్రేఫిష్ (డెక్కలున్న, రొయ్యలాంటి మంచినీటి జీవి) ఒకటి ఉంది. శాస్త్రీయ నామం ఆర్కోనెక్టెస్ షెల్టే. పొడవు రెండు అంగుళాలకు అటూ ఇటూ, సన్నటి డెక్కలు, ఒంటి మీద రంగు లేదు, చూపు లేదు. 1988 తర్వాత 31 ఏళ్లు అది ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందేమోనని అందరూ అనుకుంటున్న సమయంలో 2019లో ఒకటి, 2020లో ఇంకొకటి కనిపించాయి. అలబామా విశ్వవిద్యాలయం హంట్స్‌విల్ క్యాంపస్‌కు చెందిన మాథ్యూ నీమిల్లర్ బృందం వాటిని చూసి, ఆ వివరాలను 2022లో ప్రచురించింది.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ రెండు మాటలు వినిపిస్తాయి. పోయిందనుకున్నది బతికే ఉంది కదా, ఇక కంగారు దేనికి అనేది మొదటిది. కనిపించినవి రెండే కదా, మిగతావి ఏమైపోయాయి అనేది రెండోది. ఈ రెండో ప్రశ్నకు జవాబు వెతకకుండా మొదటి మాట అనే హక్కు ఎవరికీ లేదు. ఆ జవాబు వెతుకుతూ పోతే ఒక ఇనుప గేటు దగ్గరికి చేరుకుంటాం.

గుహ పాత చరిత్ర జోలికి ఇక్కడ పోవడం లేదు. 19వ శతాబ్దం చివర్లో లోపల డ్యాన్స్ ఫ్లోర్ వేశారని, సరస్సులో పడవలు తిప్పారని చాలాచోట్ల రాశారు. ఆ హడావుడి అంతా అయిపోయాక కూడా గుహలో జీవం నిండుగానే ఉంది. 1960ల్లో జాన్ కూపర్, ఆయన భార్య మార్తా కూపర్ ఆ నీళ్లలోని జీవుల్ని ఏళ్ల తరబడి గమనించారు. జాన్ కూపర్ పీహెచ్‌డీ పరిశోధన కూడా దాని మీదే. ఒకే గుహలో మూడు జాతుల గుడ్డి క్రేఫిష్‌లు కలిసి బతకడం వాళ్లు చూశారు. వాటితో పాటు కళ్లు లేని గుహ చేప, గుహ సాలమాండర్ (బల్లిలా కనిపించే, కప్పల వర్గపు ఉభయచరం), 1961లో శాస్త్రవేత్తలు పేరు పెట్టిన అలబామా గుహ రొయ్య కూడా అక్కడ ఉన్నాయి. షెల్టే క్రేఫిష్ అప్పట్లోనూ మిగతా రెండు క్రేఫిష్‌ల కంటే అరుదే. 1963 నుంచి 1975 వరకు నమోదైనవి మొత్తం 115. ఆ తర్వాత ఇప్పటిదాకా మూడంటే మూడు: 1988లో ఒకటి, పైన చెప్పిన రెండు.

ఇక 1967. నగరం పెరుగుతూ గుహ దాకా వచ్చేసింది. పైనున్న స్థలం ఇళ్ల కోసం పోతుందన్న భయంతో గుహల అన్వేషకుల సంస్థ నేషనల్ స్పీలియలాజికల్ సొసైటీ గుహను కొనేసింది. మరుసటి ఏడాదే గుహ ముఖానికి గేటు పెట్టించింది. ఆకతాయిలు లోపలికి చొరబడకూడదు, ఎవరూ పడి గాయపడకూడదు, గుహ పాడవకూడదు అన్నదే వాళ్ల ఉద్దేశం. అప్పటికి గుహల గేట్ల గురించి ఎవరికీ పెద్దగా అనుభవం లేదు. మనుషుల్ని ఆపితే చాలనుకున్నారు.

అయితే ఆ దారిలో రాకపోకలు సాగించేది మనుషులు మాత్రమే కాదు. గ్రే బ్యాట్ అనే బూడిద రంగు గబ్బిలాలు షెల్టాలో పెద్ద గుంపుగా ఉండేవి. ఆడవి అక్కడే పిల్లల్ని కని పెంచేవి. ఈ జాతికి ఏడాది పొడవునా గుహలే కావాలి, అదీ ఏ గుహ పడితే అది పనికిరాదు. సాయంత్రం గుంపులు గుంపులుగా వేగంగా బయటికి వస్తాయి. దారి ఇరుకైతే ఊచల ముందు తారట్లాడాల్సి వస్తుంది, వేటాడే జంతువులకు దొరికిపోతాయి. 1968 నాటి గేటు వాటికి అనువుగా లేదు. రెండేళ్లు తిరిగేసరికి గబ్బిలాలు గుహను వదిలిపెట్టాయి.

క్రేఫిష్ కథ గబ్బిలాల మీద ఎందుకు ఆధారపడిందో తెలియాలంటే గుహలో తిండి ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. వెలుతురు లేదు కాబట్టి మొక్క లేదు, నాచు లేదు. లోపల పుట్టే ఆహారం దాదాపు సున్నా. వాన నీటితో కొట్టుకొచ్చే ఆకులు, చెత్త కొంత. మిగతాదంతా గబ్బిలాలు మోసుకొచ్చేదే. అవి రాత్రంతా నదుల మీద, చెరువుల మీద పురుగుల్ని తిని, పగలు గుహ పైకప్పుకు వేలాడుతూ రెట్ట వేస్తాయి. అది నేరుగా నీళ్లలో పడుతుంది. దాని మీద బ్యాక్టీరియా, శిలీంధ్రాలు పెరుగుతాయి. వాటిని చిన్న చిన్న నీటి పురుగులు తింటాయి, ఆ పురుగుల్ని క్రేఫిష్‌లు, చేపలు, సాలమాండర్లు తింటాయి. అంటే షెల్టా సరస్సులకు ప్రతి రాత్రీ బయటి ప్రపంచం నుంచి భోజనం వచ్చేది. గబ్బిలాలతో పాటే అదీ ఆగిపోయింది.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1968లో గేటు. 1970 నాటికి గబ్బిలాలు లేవు. 1970ల మొదట్లో నీటి జీవులన్నీ ఒక్కసారిగా తగ్గిపోయాయి. షెల్టా గుహలో గుహ రొయ్య చివరిసారిగా కనిపించింది 1973లో. అమెరికాలో అంతరించిపోతున్న జీవుల రక్షణ చట్టం వచ్చింది కూడా సరిగ్గా ఆ ఏడాది డిసెంబరులోనే.

దీనికి ఎదురు వాదన ఉంది, అది తేలిగ్గా తీసేయదగ్గది కాదు. తప్పంతా నీటి కాలుష్యానిదని ఆ వాదన చెబుతుంది. సున్నపురాయి నేలలో వాన నీరు మట్టిలో వడకట్టుకోకుండా, పగుళ్ల నుంచి, గుంతల నుంచి నేరుగా గుహలోకి దిగిపోతుంది. పైన ఇళ్లలో, పచ్చిక బయళ్లలో, రోడ్ల మీద ఏముంటే కింద నీళ్లలో అదే ఉంటుంది. షెల్టాలో డీల్డ్రిన్, హెప్టాక్లోర్ తరగతి పురుగుమందుల అవశేషాలు దొరికాయి. ఇవి ఇళ్ల పునాదుల్లో చెదలు పట్టకుండా వాడిన మందులు కూడా. పైగా అంతరిక్ష కార్యక్రమాల వల్ల హంట్స్‌విల్ ఊహించనంత వేగంగా పెరిగింది: 1950లో 16 వేల జనాభా, 1960కి 72 వేలు, 1970 నాటికి లక్షా ముప్పై వేలు దాటింది. గబ్బిలాలు సైతం గేటు వల్ల కాక ఈ నగరం రద్దీ వల్లే పోయి ఉండొచ్చని అనేవాళ్లున్నారు.

కానీ ఒక్క విషయం ఈ వాదనకు అడ్డుపడుతుంది. నగరం అంత జోరుగా పెరుగుతున్న 1960ల్లోనే కదా కూపర్ దంపతులు గుహ నిండా జీవుల్ని లెక్కపెట్టింది! కాలుష్యం ఒక్కటే కారణమైతే క్షీణత అప్పుడే మొదలవ్వాలి. విషం మెల్లమెల్లగా పేరుకుందని అనవచ్చు, అది నిజం కూడా కావచ్చు. అయినా కడుపు నిండిన జీవి తట్టుకునే విషాన్ని పస్తులున్న జీవి తట్టుకోలేదు. గేటు ముందు దెబ్బ కొట్టింది, నీళ్లు ఆ దెబ్బను మానకుండా చేశాయి అనుకుంటేనే క్రమం సరిగ్గా కుదురుతుంది. నీమిల్లర్ బృందం మాత్రం ఇంత గట్టిగా చెప్పదు. గేటు, కాలుష్యం, ఇంకా ఇతర ఒత్తిళ్లు కలిసొచ్చి ఉండవచ్చని జాగ్రత్తగా అంటుంది.

సొసైటీ చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1981లో పాత గేటు తీసేసి, గబ్బిలాలు దూరేలా అడ్డ ఊచల గేటు పెట్టింది. గుంపు మాత్రం తిరిగి రాలేదు. పిల్లల్ని పెంచే చోట గ్రే బ్యాట్‌లు పూర్తిగా మూసే గేటును, అది ఎంత మంచిదైనా, చాలాసార్లు ఒప్పుకోవని గుహల సంరక్షకులకు తర్వాత్తర్వాత తెలిసొచ్చింది. గుహ ముఖం మూయకుండా చుట్టూ కంచె వేయడం, పైభాగం వదిలి సగం ఎత్తుకే గేటు కట్టడం లాంటి పద్ధతులు ఆ అనుభవంతోనే వచ్చాయి. గ్రే బ్యాట్‌లు 1976లో ఫెడరల్ రక్షణ జాబితాలోకి ఎక్కాయి. వాటి గుహల్ని కాపాడాక సంఖ్య బాగా పెరిగింది కూడా. షెల్టాకు తూర్పున పక్క కౌంటీలోనే సౌటా గుహ, ఫెర్న్ గుహ ఉన్నాయి. రెండూ వన్యప్రాణి శరణాలయాలే, రెండింట్లోనూ లక్షల్లో గ్రే బ్యాట్‌లున్నాయి. అంటే ఆ ప్రాంతంలో గబ్బిలాలకు కొరత లేదు, షెల్టాకే వాటి రాక లేదు.

గుహ రొయ్య సంగతి చూసినా ఇదే అర్థమవుతుంది. షెల్టాలో పోయిన ఆ రొయ్య హంట్స్‌విల్ పక్కనే రెడ్‌స్టోన్ ఆర్సెనల్ అనే సైనిక స్థావరంలోని బాబ్‌క్యాట్ గుహలో ఆ తర్వాత కూడా కనిపించింది. ఆ స్థావరమేమీ శుభ్రమైన చోటు కాదు. విష వ్యర్థాలు శుద్ధి చేయాల్సిన స్థలాల జాతీయ జాబితాలో 1994 నుంచి ఉంది. అలాంటి చోటా రొయ్య మిగిలిందంటే, షెల్టాలో తప్పంతా కాలుష్యానిదే అనలేం.

ఇక్కడ చట్టం వైపు నుంచి జరిగిన ఆలస్యం గురించి చెప్పుకోవాలి. గుహ రొయ్యకు 1961లోనే పేరుంది, 1988లో అది అంతరించిపోతున్న జీవుల ఫెడరల్ జాబితాలో చేరింది. షెల్టే క్రేఫిష్‌ను 1960ల నుంచే చూస్తున్నా, కూపర్ దంపతులు దానిని శాస్త్రీయంగా వర్ణించి పేరు పెట్టింది 1997లో. రొయ్య జాబితాకెక్కిన 1988లోనే ఈ క్రేఫిష్ మూడు దశాబ్దాల అజ్ఞాతానికి ముందు చివరిసారి కనిపించింది. పేరే లేని జీవి తరఫున ఎవరు ఏ ఆఫీసులో వాదిస్తారు? పేరొచ్చే నాటికి జీవి కనిపించడం మానేసింది.

ఇప్పటి వాదనలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఆయుష్షు. జాన్ కూపర్ షెల్టాలోనే ఇంకో క్రేఫిష్ జాతి పెరుగుదలను కొలిచి, అవి వందేళ్లు దాటి బతకగలవని అంచనా వేశారు. అదే నిజమైతే 2019, 2020ల్లో కనిపించినవి గేటుకు ముందు పుట్టిన ముసలి జీవులు కావచ్చు, షెల్టే జాతి ఆఖరి దశలో ఉందనుకోవచ్చు. అయితే కూపర్ కొలిచిన ఆ ఇంకో జాతిని అలబామాలోని ఇతర గుహల్లో గుర్తులు పెట్టి, మళ్లీ పట్టి చూసిన పరిశోధకులు 2012లో వేరే లెక్క చెప్పారు. చాలావరకు 22 ఏళ్ల లోపేనట, ఏవో కొన్ని మాత్రమే అంతకు మించి బతుకుతాయట. షెల్టే ఆయుష్షు కూడా దానికి దగ్గరగా ఉంటే, కనిపించిన ఆ రెండూ గబ్బిలాలు పోయాక, 1988 కూడా దాటాక పుట్టినవే. 2019 నాటిది ఆడది, లోపల తయారవుతున్న గుడ్లు ఒంటి పెంకు కిందినుంచి కనిపించాయి. 2020 నాటిది మగది. తిండి తగ్గిపోయిన నీళ్లలో, చీకట్లో, ఈ జాతి సంతానాన్ని కంటూనే ఉంది. ఆశ పెట్టుకోవడానికి ఇది గట్టి ఆధారం. కంగారు అక్కర్లేదనడానికి మాత్రం కాదు. అంత కష్టంలోనూ గుడ్లు పెడుతున్న జీవికి తిండి దారి తెరిచి చూడాల్సిన బాధ్యత ఇంకా పెరుగుతుంది.

బృందం ఆ రెండింటి నుంచి కణజాలం తీసి మొదటిసారి డీఎన్‌ఏ సమాచారం సంపాదించింది. దీనివల్ల ముందు ముందు జీవిని పట్టుకోకుండానే, నీటి నమూనాలో దాని డీఎన్‌ఏ ఉందో లేదో పరీక్షించే వీలు కలుగుతుంది. చుట్టుపక్కల గుహల్లో, బావుల్లో, ఊటల్లో కూడా వెతకవచ్చు. అయితే వెతకడం ఒక పని, కాపాడడం ఇంకో పని. గుహ ముఖం ఉన్న స్థలం సొసైటీదే అయినా, లోపలికి నీళ్లు దిగే నేల వేలమంది ఇళ్ల పెరళ్లలో ఉంది. ఆ పరీవాహక ప్రాంతంలో పురుగుమందుల, మురుగు పైపుల, వాన నీటి కాలువల నిర్ణయాలు నగరం చేతిలో ఉంటాయి. గుహ ముఖం గబ్బిలాలకు నచ్చేలా ఎలా ఉండాలన్న నిర్ణయం మాత్రం పూర్తిగా యజమాని చేతిలోనే ఉంది. చర్చ మొదలవ్వాల్సింది అక్కడి నుంచే.