ఇంటి ఫోటోల అమరిక: అపోహలు - వాస్తవాలు

ఇళ్లలో పోగుపడిన డిజిటల్ ఫోటోలను వరసలో పెట్టి, అవి ఎప్పటివో, ఎక్కడివో, అందులో ఉన్నవారెవరో రాసిపెట్టి ఇవ్వడం నా వృత్తి. పెళ్లినాటి హార్డ్ డిస్కు, డల్లాస్‌లో ఉంటున్న కొడుకు పాత ల్యాప్‌టాప్, అమ్మగారి ఫోను, బీరువాలోని ఆల్బమ్‌ల స్కాన్లు అన్నీ కలిపి అప్పగించేటప్పుడు చాలామంది ధీమాగా చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిని నమ్మి ఫోటోలు పోగొట్టుకున్నవారిని చూశాను కనుకనే ఇది రాస్తున్నాను.

అపోహ: ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాం కాబట్టి ఫోటోలు అందరి దగ్గరా భద్రంగా ఉన్నాయి.

వాస్తవం: అందరి దగ్గరా ఉన్నది పలచబడిన నకలు మాత్రమే. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోయి, 4 ఎంబీ ఉన్న ఫైలు కొన్ని వందల కేబీలకు దిగుతుంది. ఫోను తెర మీద ఆ తేడా తెలియదు గాని, గోడకు తగిలించేంత పెద్ద ప్రింటు వేయిస్తే ముఖాలు మసకబారతాయి. అంతకు మించిన నష్టం, ఫోటో తీసిన తేదీ, సమయం, స్థలం నమోదై ఉండే ఎగ్జిఫ్ సమాచారం ఆ దారిలో రాలిపోవడం. ఫైలు పేరులో కనిపించే తేదీ అది వాట్సాప్‌లోకి చేరిన రోజుదే తప్ప తీసిన రోజుది కాదు. అదే ఫోటోను డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలు ఉన్నది ఉన్నట్టుగా వెళ్తుంది.

అపోహ: ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉంటే ఒకటి తీసేయవచ్చు.

వాస్తవం: చాలా కెమెరాలు నాలుగంకెల వరస సంఖ్యతో ఫైళ్లకు పేరు పెడతాయి. 9999 దాటగానే మళ్లీ 0001 మొదలవుతుంది. బిడ్డ అన్నప్రాశన నాటి 0001, తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించిన నాటి 0001 వేర్వేరు ఫోటోలు. రెండింటినీ ఒకే ఫోల్డరులోకి కాపీ చేస్తూ కంప్యూటరు అడిగిన ప్రశ్నకు ‘రీప్లేస్’ నొక్కితే మొదటిది పోయినట్టే.

అపోహ: తేదీ ఫైలులోనే ఉంటుంది, కంప్యూటరే వరస పెట్టేస్తుంది.

వాస్తవం: కెమెరా గడియారం ఎంత సరైనదో ఆ తేదీ కూడా అంతే సరైనది. స్కాన్ చేసిన పాత ఫోటోలో సాధారణంగా స్కాన్ చేసిన తేదీయే ఉంటుంది. పెళ్లిళ్లలో ఈ చిక్కు మరీ ఎక్కువ. ముగ్గురు ఫోటోగ్రాఫర్లు తీసిన ఫోటోలను సమయం ప్రకారం వరస పెడితే, ఒక కెమెరా గంటన్నర వెనక ఉండటం వల్ల తలంబ్రాల తరువాత గౌరీపూజ వచ్చి కూర్చుంటుంది. ఇలాంటప్పుడు నేను శుభలేఖ అడిగి తీసుకుంటాను. అందులో సుముహూర్తం నిమిషాలతో సహా అచ్చై ఉంటుంది. వధూవరులు జీలకర్ర బెల్లం పెట్టుకుంటున్న ఫోటోను మూడు కెమెరాల్లోనూ వెతికి, ముహూర్తానికీ ఫైలులోని సమయానికీ ఉన్న తేడాను ఒక్కో కెమెరాకూ విడిగా లెక్కగట్టి, ఎగ్జిఫ్‌టూల్ వంటి సాఫ్ట్‌వేర్‌తో ఆ కెమెరా ఫోటోలన్నిటినీ ఒకేసారి అంతమేర జరుపుతాను. ముహూర్తం కాస్త అటూఇటూ అయినా మూడు కెమెరాలూ ఒకదానితో ఒకటి కలుస్తాయి, వరస నిలబడుతుంది. ఆ తరువాత ఫోల్డరు పేరును ‘2009-05-14 అక్క పెళ్లి’ అన్నట్టు సంవత్సరం, నెల, రోజు వరసలో రాస్తే ఏ కంప్యూటరులోనైనా కాలక్రమం చెదరదు.

అపోహ: గూగుల్ ఫోటోస్‌లోకి ఎక్కించాక ఇక వేరే కాపీ అక్కర్లేదు.

వాస్తవం: ఆ యాప్‌లో ఫోటోను డెలీట్ చేస్తే ఫోనులోనూ, ఖాతాలోనూ కూడా పోతుంది. బ్యాకప్ అయిన ఫోటో ట్రాష్‌లో 60 రోజులే ఉంటుంది. 2021 జూన్ 1 నుంచి కొత్తగా ఎక్కించే ఫోటోలు 15 జీబీల ఉచిత స్థలంలో జీమెయిల్, డ్రైవ్‌లతో పాటు లెక్కకు వస్తాయి. రెండేళ్లపాటు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాను గూగుల్ తొలగించవచ్చు కూడా, కాబట్టి కాలం చేసిన పెద్దవారి ఖాతా సంగతి ఇంట్లోవారు వెంటనే చూసుకోవాలి. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉండేలా చూడమని మేము చెబుతాము.

అపోహ: ముఖాలను ఫోనే గుర్తుపడుతుంది, పేర్లు రాయనవసరం లేదు.

వాస్తవం: యాప్‌లో మనం ముఖాలకు ఇచ్చే పేర్లు సాధారణంగా ఆ యాప్‌లోనే ఉండిపోతాయి, ఫోటో ఫైలులోకి ఎక్కవు. పైగా ఆ పేరు తెలిసిన మనిషి మన మధ్య ఉండాలి. గత సంక్రాంతికి ఒక ఇంట్లో, ఎనభై దాటిన పెద్దమ్మగారి పక్కన కూర్చుని స్కాన్లు ఒక్కొక్కటే చూపించాను. వెనక వరసలో నిలబడిన అమ్మాయిని అంతకుముందు ఇంటిల్లిపాదీ చూసినా ఎవరూ పోల్చుకోలేకపోయారు. ఆవిడ చూడగానే, “మా పెద్దాడపడుచు. ఆ జడకుచ్చులు నావే, ఆ రోజుకి పెట్టుకోమని ఇచ్చాను” అన్నారు. ఆ మాటను తెలుగులోనే, ఆవిడ అన్నది అన్నట్టుగా, ఆ ఫైలు వివరణలో రాశాను.