మనవలకి, రేడియం వాచీ సంగతీ మా ల్యాబ్ కబుర్లూ

బుజ్జిగాడికీ, చిన్నికీ, మిగతా పిల్లలందరికీ తాతయ్య రాసేది,

మొన్న వీడియో కాల్‌లో బుజ్జిగాడు అడిగాడు కదా, తాతయ్యా నువ్వు న్యూక్లియర్ సైంటిస్టువి కదా బాంబు చేశావా అని. లేదురా, నేను బాంబు మొహం కూడా చూడలేదు. నేను చేసిన పని లెక్కపెట్టడం. పరమాణువు నడిమధ్య కేంద్రకం అని ఒకటి ఉంటుంది, కొన్నిరకాల కేంద్రకాలు స్థిమితంగా ఉండలేవు, ఎప్పుడో ఒకప్పుడు ఒక కణాన్నో కిరణాన్నో బయటికి విసిరేసి వేరేవి అయిపోతాయి. అలా విసిరినవి ఎన్ని, ఎంత శక్తితో వచ్చాయి, అది చూసి లోపల ఏం జరుగుతోందో చెప్పడం. ఆ రోజు కాల్ కట్ అయిపోయింది గానీ ఇదంతా తీరిగ్గా చెప్పాలనిపించింది, అందుకే ఉత్తరం.

నాకు ఈ పిచ్చి పట్టించింది ఒక వాచీ. మాది భీమవరం పక్క పల్లెటూరు, అప్పటికి ఇంకా కరెంటు రాలేదు. మా పెద్ద మావయ్య రంగూన్ నించి వచ్చేసినప్పుడు తెచ్చుకున్న వాచీ ఒకటుండేది, చీకట్లో అంకెలు పచ్చగా వెలిగేవి. ఎండలో పెట్టక్కర్లేదు, దీపం చూపించక్కర్లేదు, పెట్టెలో పడేసి రాత్రి తీసినా వెలిగేది. ఒకరోజు మా నాన్న పంచాంగం చూసుకునే భూతద్దం పట్టుకుపోయి దుప్పటి ముసుగేసుకుని చాలాసేపు అలాగే చూశాను, కళ్ళు చీకటికి బాగా అలవాటయ్యాక తెలిసింది, ఆ వెలుగు నిలకడగా లేదు, అంకె నిండా చిన్న చిన్న చుక్కలు, ఎక్కడికక్కడ మెరిసి ఆరిపోతున్నాయి, ఒకటి ఆరేలోపు పక్కన ఇంకోటి. మర్నాడు మా సైన్స్ మాస్టార్ని అడిగితే నాకు తెలీదురా, కనుక్కుని చెప్తా అన్నారు. అనడమే కాదు, భీమవరం వెళ్ళి ఎవర్నో అడిగొచ్చి బోర్డు మీద రేడియం అని రాసి మొత్తం క్లాసుకి చెప్పారు. పిల్లాడి ప్రశ్నకి తెలీదని ఒప్పుకుని అంత దూరం వెళ్ళొచ్చిన మాస్టారంటే నాకు ఇప్పటికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఆ వాచీ రంగులో రెండుంటాయి, రేడియం ఉప్పు, జింక్ సల్ఫైడ్. రేడియం కేంద్రకం విసిరిన కణం, దాన్నే ఆల్ఫా కణం అంటారు, జింక్ సల్ఫైడ్ పలుకుకి తగిలితే అక్కడ ఒక్క మెరుపు మెరుస్తుంది. అంటే నేను దుప్పట్లో చూసిన ఒక్కో మెరుపూ ఒక్కో కణం పనే! 1909లో మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర గైగర్, మార్స్‌డెన్ అని ఇద్దరు చీకటిగదిలో కూచుని మైక్రోస్కోపులో ఇలాంటి మెరుపుల్నే ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. మార్స్‌డెన్‌కి అప్పుడు ఇరవై ఏళ్ళు, ఇంకా స్టూడెంటే. పల్చటి బంగారు రేకు మీదకి ఆల్ఫా కణాల్ని పంపిస్తే దాదాపు అన్నీ దూరి అటు వెళ్ళిపోయాయి, ఏ కొన్నో మాత్రం వెనక్కి తిరిగొచ్చాయి, ఆ కొన్నిటిని పట్టించుకోబట్టే 1911లో రూథర్‌ఫర్డ్ పరమాణువు మధ్యలో కేంద్రకం ఉందని చెప్పగలిగారు.

వాచీ సంగతి ఇంకా ఉంది. నేను వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీలో చదివేటప్పటికి దాని వెలుగు పూర్తిగా పోయింది, మావయ్య ఏమో రేడియం అయిపోయిందిరా అనేవారు. నేను పట్టుకెళ్ళి గైగర్ కౌంటర్, అంటే ఇలాంటి కణాలూ కిరణాలూ తగిలినప్పుడల్లా టిక్కుమనే పరికరం, దాని ముందు పెడితే టిక్ టిక్ టిక్ అని ఆగకుండా కొట్టింది. రేడియం సగం అవ్వడానికే 1600 ఏళ్ళు పడుతుంది, అది ఎక్కడికీ పోలేదు, ఇన్నేళ్ళు దెబ్బలు తిని పాడైపోయింది జింక్ సల్ఫైడ్. వెలుగు లేదు కాబట్టి ఏమీ లేదు అనుకుంటాం, చూశారా? అందుకే చెప్తున్నా, పాత వాచీలు ఎక్కడన్నా కనపడితే వెనక మూత తీయకండి, ఆ రంగు గీకకండి. అమెరికాలో 1920ల నాటికి వాచీ ఫ్యాక్టరీల్లో ఆడపిల్లలు బ్రష్ మొన కోసం పెదాలతో తడి చేసుకుంటూ ఆ రంగు వేసేవారు, రేడియం ఎముకల్లో చేరి దవడలు పాడై ఎంతమందో చనిపోయారు. ఆ పిల్లల సంగతి ప్రతీ బ్యాచ్‌కీ మొదటి క్లాసులోనే చెప్పేవాణ్ణి.

ఆంధ్రా యూనివర్సిటీలో మా న్యూక్లియర్ ల్యాబ్ మొదలుపెట్టినాయన కథ మీ నాన్నకి కూడా తెలీదేమో. స్వామి జ్ఞానానంద అని, మన భీమవరం దగ్గర గొరగనమూడి ఆయనది, 1896లో పుట్టారు. సన్యాసం పుచ్చుకుని హిమాలయాలకి వెళ్ళినాయన, తర్వాత యూరప్ వెళ్ళి ఫిజిక్స్‌లో పడి ప్రాగ్‌లో ఎక్స్‌రేల మీద డాక్టరేట్ చేశారు, ఆ తర్వాత లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర, అదే, కేంద్రకంలో ఉండే న్యూట్రాన్ అనే కణాన్ని కనిపెట్టినాయన దగ్గర పనిచేశారు. మేం చేరేసరికి స్వామీజీ లేరు, 1969లో పోయారు, ల్యాబ్ ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. కాషాయం కట్టుకుని వాక్యూమ్ పంపుల దగ్గర నిలబడేవారని సీనియర్లు చెప్తుంటే నోరెళ్ళబెట్టి వినేవాళ్ళం.

ఇంక రీసెర్చ్ అంటే ఏం చేస్తారని చిన్ని అడిగింది. మా గురువుగారు శాంపిల్ వెంటనే చేతికిచ్చేవారు కాదు, ముందు డిటెక్టర్ దగ్గర, అంటే కిరణాల్ని పట్టి వాటి శక్తి కొలిచే పరికరం దగ్గర, ఏమీ పెట్టకుండా రాత్రంతా కౌంట్ పెట్టమనేవారు. పొద్దున్నే చూస్తే ఏమీ లేనిచోట కూడా గ్రాఫ్‌లో 1460 కె.ఇ.వి. (కిరణాల శక్తికి కొలమానం) దగ్గర నిటారుగా ఒక పీక్. పొటాషియం-40 అది, పొటాషియంలో స్థిమితంగా ఉండలేని రకం. గోడలో ఉంది, సిమెంట్లో ఉంది, మనలో కూడా ఉంది, పెద్దవాళ్ళ ఒంట్లో సెకనుకి సుమారు 4,000 పొటాషియం కేంద్రకాలు అలా మారిపోతూనే ఉంటాయి, పుట్టినప్పట్నించీ అంతే, భయపడక్కర్లేదు. ఈ మోతంతా బ్యాక్‌గ్రౌండ్ అన్నమాట. పెళ్ళిపందిట్లో బాజాల మధ్య మనల్ని ఎవరో పేరుపెట్టి పిలిస్తే వినాలి, మా పని అలా ఉండేది. అందుకే డిటెక్టర్ చుట్టూ సీసం ఇటుకలు పేర్చేవాళ్ళం, ఒక్కోటి పదకొండు కిలోలు, నడుములు పడిపోయేవి. తమాషా ఏంటంటే కొత్త సీసంలో కూడా కొద్దిగా రేడియోధార్మికత, అంటే ఇలా కణాలూ కిరణాలూ విసిరే గుణం, ఉంటుంది, అది తగ్గాలంటే ఏళ్ళు గడవాలి, అందుకని ఇటలీలో ఒక పెద్ద ల్యాబ్ వాళ్ళు రెండువేల ఏళ్ళ కిందట సముద్రంలో మునిగిపోయిన రోమన్ ఓడలోని సీసం దిమ్మలు తెచ్చుకుని వాడుకున్నారు!

మా జెర్మేనియం డిటెక్టర్ని ఎప్పుడూ లిక్విడ్ నైట్రోజన్‌లోనే, మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంచాలి. అప్పట్లో లిథియం కలిపిన రకం, ఒక్కసారి వేడెక్కితే లిథియం చెదిరిపోయి డిటెక్టర్ పాడైపోయేది. సంక్రాంతి లేదు దసరా లేదు, వంతులేసుకుని వెళ్ళి నైట్రోజన్ పోసొచ్చేవాళ్ళం. పోస్తుంటే తెల్లటి పొగ కాళ్ళ మీద నించి పాక్కుంటూ పోయేది, వాచ్‌మన్ దూరంగా నిలబడి చూసేవాడు. కాగితాల్లో వచ్చే రీసెర్చ్ వేరు, ఇది వేరు, నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

బుజ్జిగాడు ఎంతసేపు కౌంట్ పెట్టాలి అన్నాడు కదా. 100 కౌంట్లు వస్తే అటూ ఇటూ ఒక 10 తేడా రావడం సహజం, అంటే పదిశాతం అనుమానం. 10,000 వస్తే 100 తేడా, అంటే ఒక శాతమే. పది రెట్లు కచ్చితంగా చెప్పాలంటే వంద రెట్లు ఎక్కువసేపు కూచోవాలి, దగ్గరదారి లేదు.

దసరా సెలవలకి వచ్చినప్పుడు భీమిలి వెళ్దాం. అక్కడ బీచ్‌లో అలలు వెనక్కి పోయాక ఇసక మీద నల్లటి చారలు మిగుల్తాయి, బరువైన ఖనిజాలు అక్కడ చేరతాయి, వాటిల్లో మోనజైట్ అని ఉంటుంది, దాన్లో థోరియం, అదీ రేడియంలాగే కణాలు విసిరేదే. ఇసక ఇంటికి తేవద్దు, కౌంటర్నే అక్కడికి పట్టుకెళ్దాం. ముందు రోడ్డు మీద ఒక పది నిమిషాలు, తర్వాత మామూలు ఇసక మీద, తర్వాత నల్ల చార మీద, మూడుచోట్లా ఒకే ఎత్తులో పట్టుకోవాలి. టిక్కులు చిన్ని లెక్కపెడుతుంది, టైము బుజ్జిగాడు చూస్తాడు. గళ్ళ నోట్‌బుక్ ఒకటీ, రెండు పెన్సిళ్ళూ తెచ్చుకోండి, ఎండ ఎక్కువ, టోపీలు మర్చిపోకండి.

మీ తాతయ్య