మైదానం తలుపు ఎవరు తెరవాలి? అనంతపురంలో ఆటకూ అంకుర సంస్థకూ మధ్య ఉన్న చరిత్ర

2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ మైదానంలో జరిగినప్పుడు, జాతీయ జట్టు ఆటగాళ్లను కళ్లారా చూడాలని జనం తండోపతండాలుగా తరలివచ్చారు. మరుసటి ఏడాది ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం అంకుర సంస్థలకు (స్టార్టప్‌లకు) చేయూతనిచ్చే రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్‌ను ప్రారంభిస్తూ, దాని ప్రాంతీయ కేంద్రాల్లో ఒకదాన్ని అనంతపురానికి కేటాయించింది. ఈ రెండు సంగతులనూ మనం విడివిడిగానే చెప్పుకుంటున్నాం. పిల్లలు ఏళ్ల తరబడి శిక్షణ పొందుతున్న క్రీడా ప్రాంగణం, 1946లో మొదలైన ఇంజినీరింగ్ కళాశాల 2008లో విశ్వవిద్యాలయంగా ఎదిగిన జేఎన్‌టీయూ ప్రాంగణం ఒకే పట్టణంలో ఉండి కూడా ఒకదాని అవసరం మరొకదానికి తెలియకపోవడం ఈ ప్రాంతానికి జరుగుతున్న నష్టమే. ఆ లోటును తీర్చే మార్గం గురించి ఆలోచించేవారు, మిగతా చోట్ల ఇది ఎలా మొదలైందో ముందుగా చూడాలి.

ఒక సంస్థ తన సమస్యకు పరిష్కారాన్ని తన నాలుగు గోడల మధ్యే వెతుక్కోకుండా, బయటివారిని పిలిచి, తన వనరులను వారికి అందుబాటులో ఉంచి, ఫలితాన్ని ఇద్దరూ పంచుకునే పద్ధతికి 2003లో అమెరికా ఆచార్యుడు హెన్రీ చెస్‌బరో ఓపెన్ ఇన్నొవేషన్ అని పేరు పెట్టారు. ఆయన పరిశీలించింది పెద్ద పెద్ద పరిశ్రమలను. క్రీడారంగంలో మాత్రం ఆ పేరు రాకముందే అటువంటి పని మొదలైంది, కానీ పిలిచినవారు చాలాసార్లు క్రీడాసంస్థలు కావు.

క్రికెట్‌లో హాక్-ఐ కథే చూడండి. కృత్రిమ మేధలో డాక్టరేట్ చేసిన పాల్ హాకిన్స్, ఇంగ్లండ్‌లోని రోక్ మేనర్ అనే పరిశోధన సంస్థలో పనిచేస్తూ, మైదానం చుట్టూ అమర్చిన అనేక కెమెరాల దృశ్యాలను కలిపి బంతి గమనాన్ని లెక్కగట్టే విధానాన్ని రూపొందించారు. 2001లో లార్డ్స్‌లో ఇంగ్లండ్, పాకిస్థాన్ జట్ల మధ్య జరిగిన టెస్టులో దాన్ని తొలిసారి వాడింది అంపైర్లు కాదు, ఆ మ్యాచ్‌ను ప్రసారం చేసిన చానల్ ఫోర్ టీవీ. టీవీ ప్రేక్షకులకు ఎల్బీడబ్ల్యూ (వికెట్లకు తగలాల్సిన బంతిని కాలు అడ్డుకుంటే ఇచ్చే ఔట్) బాగా కనిపించడం మొదలయ్యాక, అది కనిపించని ఏకైక వ్యక్తిగా అంపైరు మైదానంలో మిగిలిపోయాడు. ఏడేళ్ల తరువాత, 2008లో శ్రీలంక పర్యటనకు వెళ్లిన భారత జట్టు ఆడిన సిరీస్‌లో, అంపైరు నిర్ణయాన్ని ఆటగాళ్లు సవాలు చేస్తే ఇటువంటి సాంకేతికతతో సరిచూసే నిర్ణయ సమీక్ష పద్ధతిని (డీఆర్ఎస్) ప్రయోగాత్మకంగా అమలు చేశారు. మన జట్టుకు ఆ అనుభవం చేదుగా మిగిలింది, బంతి గమనాన్ని ఊహించే లెక్కపై భారత క్రికెట్ బోర్డుకు నమ్మకం కుదరలేదు, 2016 చివర్లో ఇంగ్లండ్ జట్టు మన దేశానికి వచ్చేదాకా ఆ పద్ధతిని పూర్తిగా అంగీకరించలేదు. 2008కీ 2016కీ మధ్య జరిగిన ముఖ్యమైన మార్పేమిటంటే, అంతర్జాతీయ క్రికెట్ మండలి ఆ సాంకేతికతను మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఇంజినీర్ల చేత స్వతంత్రంగా పరీక్ష చేయించింది. తయారుచేసినవాడి మాటను కాక మూడో పక్షం పరీక్షను ఆధారం చేసుకున్నప్పుడే అనుమానం సడలింది. ఈ పాఠం ఏ చిన్న అకాడమీకైనా పనికొస్తుందని నా అభిప్రాయం.

ఆస్ట్రేలియాలో పరిస్థితి వేరు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఒక్క స్వర్ణమైనా దక్కకపోవడంతో ఆ దేశం 1981లో కాన్‌బెర్రాలో జాతీయ క్రీడా శిక్షణ సంస్థను నెలకొల్పింది. తరువాతి కాలంలో ఆ సంస్థ మైక్రో టెక్నాలజీ పరిశోధకులతో కలిసి పనిచేసింది. ప్రయోగశాలలో ట్రెడ్‌మిల్ మీద కాక, నిజమైన ఆటలో క్రీడాకారుడి శరీరం ఎంత శ్రమిస్తోందో తెలుసుకోవాలన్నది శిక్షకులే వేసిన ప్రశ్న. ఆ పరిశోధన నుంచే 2006లో కాటపుల్ట్ అనే అంకుర సంస్థ పుట్టింది. ఈనాడు ఫుట్‌బాల్, రగ్బీ ఆటగాళ్లు చొక్కా లోపల వేసుకునే బిగుతైన బనియన్‌లో, రెండు భుజాల మధ్య వీపు మీద ఉండే చిన్న పరికరం ఆ కోవకు చెందినదే. అది సెకనుకు పదిసార్లు ఆటగాడు ఉన్న చోటును, వందసార్లు శరీర కదలికలోని కుదుపును నమోదు చేస్తుంది. సాయంత్రానికి శిక్షకుడి చేతికి అందేది ఒక పట్టిక: ఎంత దూరం పరుగెత్తాడు, ఎన్నిసార్లు పూర్తి వేగం అందుకున్నాడు, నిన్నటికంటే నేడు భారం ఎంత పెరిగింది.

ప్రశ్న మైదానం నుంచి పుట్టినప్పుడు పరికరం నిలబడుతుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. ఆ తరువాత ఈ పని వ్యవస్థగా మారింది. బార్సిలోనా ఫుట్‌బాల్ క్లబ్బు 2017లో ఇన్నొవేషన్ హబ్‌ను ప్రారంభించింది. జపాన్ ప్రభుత్వం 5.5 లక్షల కోట్ల యెన్‌ల క్రీడా మార్కెట్‌ను 2025 నాటికి 15 లక్షల కోట్లకు పెంచాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ క్రమంలో అక్కడి క్రీడాసంస్థలకూ స్టార్టప్‌లకూ పొత్తు కుదిర్చే కార్యక్రమాన్ని తన క్రీడల ఏజెన్సీ ద్వారా నడిపింది.

మన దగ్గర బెంగళూరు ముందుంది. అనిల్ కుంబ్లే స్థాపించిన స్పెక్టాకామ్ 2018లో మైక్రోసాఫ్ట్ సాంకేతికతతో, బ్యాటు వెనుక అంటించే తేలికపాటి సెన్సర్‌ను వెలుగులోకి తెచ్చింది. 2008లో లంక పర్యటనకు కెప్టెన్, 2016లో సమీక్ష పద్ధతిని ఒప్పుకున్ననాటి జట్టు శిక్షకుడు కూడా ఆయనే కావడం గమనించదగ్గది.

ఆ బెంగళూరుకు రెండు వందల పైచిలుకు కిలోమీటర్ల దూరంలో ఉన్న అనంతపురానికి క్రీడల్లో బయటివారితో కలిసి పనిచేయడం కొత్త కాదు. స్పెయిన్‌కు చెందిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ కరవు జిల్లాకు వచ్చి ఆర్డీటీని స్థాపించారు. స్పెయిన్‌తో ఏర్పడిన ఆ బంధమే 2010 అక్టోబరులో ఆ దేశపు టెన్నిస్ తార రఫెల్ నడాల్‌ను ఇక్కడికి రప్పించి, ఆయన ఫౌండేషన్ పేరిట టెన్నిస్ పాఠశాలను తెరిపించింది. అక్కడ టెన్నిస్‌తో పాటు ఇంగ్లిషు, కంప్యూటర్ కూడా నేర్పేలా ఏర్పాటు చేశారు. ఉపాధి హామీ పథకం 2006లో మొదలైన ఈ జిల్లా గ్రామం బండ్లపల్లి నుంచే వచ్చిన బారెడ్డి అనూష 2023లో భారత మహిళల క్రికెట్ జట్టుకు ఆడింది. పక్కనున్న కడప జిల్లా యర్రమల్లె నుంచి వచ్చిన శ్రీచరణి 2025 మహిళల క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. ప్రతిభ ఉన్నదనడానికి ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

లేనిదల్లా, ఇక్కడి శిక్షకులు తమ సమస్యను రాసిపెట్టి ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు ఉంచే ఏర్పాటు. ఉదాహరణకు ఎదిగే వయసులో ఉన్న పేస్ బౌలర్‌ను తీసుకుందాం. అతిగా బౌలింగ్ చేస్తే నడుము ఎముకల్లో పగుళ్లు వస్తాయన్నది క్రీడా వైద్యులందరికీ తెలిసిన విషయమే. మ్యాచ్‌లో వేసిన బంతులు స్కోరు పుస్తకంలో ఉంటాయి గానీ, నెట్స్‌లో (వలల మధ్య చేసే సాధనలో) వేసినవి చాలాచోట్ల ఎవరి లెక్కలోకీ రావు. విదేశీ పరికరాల ఖరీదు భరించలేని అకాడమీకి, నెట్స్ వెనుక నిలబెట్టిన ఒక మామూలు ఫోన్ కెమెరాతో ఆ బంతులను లెక్కపెట్టి చూపే సాధనం చాలు. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఎండలో సాధన ఎప్పుడు ఆపాలో చెప్పే పద్ధతి కూడా ఇటువంటి ప్రశ్నే, దీనికి జవాబు కాన్‌బెర్రా నుంచి రాదు.

అయితే ఇక్కడ ఆడేవారిలో ఎక్కువమంది పిల్లలు, పేద కుటుంబాలవారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. సంతకం పెట్టించుకుంటే సరిపోదు. బిడ్డ గాయాల చరిత్ర ఎవరి చేతికి వెళుతుందో, ఎన్నాళ్లు ఉంటుందో ఆ తల్లికి తెలుగులో వివరించాలి. ఆ సమాచారంతో తయారైన సాధనం రేపు మార్కెట్‌లో అమ్ముడుపోతే అకాడమీకి దక్కే వాటా ఎంతో, అకాడమీ వద్దన్ననాడు వివరాలు చెరిపివేసే బాధ్యత ఎవరిదో స్టార్టప్‌తో కుదుర్చుకునే మొదటి ఒప్పందంలోనే, మొదటి సెన్సర్ మైదానంలోకి రాకముందే రాసుకోవాలి.