మేత ముట్టని తల్లి: కోపెపాడ్ల గుడ్ల గురించి అపోహలు - వాస్తవాలు

మా బావ కాకినాడ దగ్గర రొయ్యల హేచరీలో పనిచేస్తాడు. తల్లి రొయ్యలకు స్క్విడ్ ముక్కలు వేళకు పడకపోతే గుడ్ల లెక్క ఎలా పడిపోతుందో రోజూ చూసే మనిషి. నా పని గురించి చెప్పినప్పుడు అతను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మేత లేకుండా గుడ్లెలా పెడతాయి బావా?"

నేను పనిచేసేది కోపెపాడ్ల మీద. సముద్రపు జంతుప్లవకాల్లో సంఖ్యలో ఎక్కువగా ఉండేవి ఇవే. రొయ్యకు దూరపు చుట్టాలు. గుడ్లు తయారయ్యేటప్పుడు వాటి ఒంట్లో ఏ జన్యువు ఎప్పుడు పనిలోకి దిగుతుంది, దాచుకున్న కొవ్వు ఎటు పోతుంది అన్నది నేను చూసే విషయం. ఈ పనిలో పదేపదే ఎదురయ్యే అపోహలు కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ప్లవకాలంటే నీటి మీద తేలే నాచు.

నాచు లాంటివి వృక్షప్లవకాలు. వాటిని తినేవి జంతుప్లవకాలు. వీటికి కాళ్ళు, నరాలు, పేగు, అండాశయం అన్నీ ఉంటాయి. హేచరీలో రొయ్య పిల్లలకు వేసే ఆర్టీమియా కూడా జంతుప్లవకమే. కాకపోతే అది ఉప్పు సరస్సుల్లో బతుకుతుంది.

అపోహ: కడుపు నిండా తిండి ఉంటేనే ఆడది గుడ్లు పెడుతుంది.

కొన్ని జాతుల విషయంలో ఇది నిజమే. మన బంగాళాఖాతం తీరంలోనూ దొరికే అకార్షియా జాతుల్ని చూడండి. వాటికి ఒంట్లో కొవ్వు నిల్వ పెద్దగా ఉండదు. ఇవాళ తిన్నది రేపటికల్లా గుడ్డవుతుంది. తిండి ఆగితే ఒకటి రెండు రోజుల్లో గుడ్లు తగ్గిపోతాయి. ఏ రోజు సంపాదన ఆ రోజే ఖర్చయ్యే ఇల్లు అది.

చలి సముద్రాల్లో గాదె నింపుకుని ఏడాది గడిపే ఇళ్ళున్నాయి. అలాస్కా సింధుశాఖలో ఉండే నియోకలానస్ ఫ్లెమింగెరి అలాంటిది. 1988లో ఛార్లెస్ మిల్లర్ దీన్ని వేరే జాతిగా గుర్తించేదాకా, దగ్గరి చుట్టమైన ప్లమ్‌క్రస్‌లో కలిపే లెక్కపెట్టేవారు. నువ్వుగింజ కన్నా కాస్త పొడవుంటుంది. వసంతంలో పైనీళ్ళలో వృక్షప్లవకాలు విరగబడి పెరిగినప్పుడు పిల్లదశలోనే తినాల్సిందంతా తినేస్తుంది. ఆ కొవ్వును మైనం ఎస్టర్ల రూపంలో, ఒంటి పొడవునా ఉండే నూనె సంచిలో దాచుకుంటుంది. తర్వాత వందల మీటర్ల లోతుకు దిగిపోతుంది. అక్కడే పెద్దదవుతుంది, జతకడుతుంది, నెలల తరబడి సుప్తావస్థలో ఉండిపోతుంది. శీతాకాలంలో మేలుకుని ఆ చీకట్లోనే గుడ్లు పెడుతుంది. పెద్దయ్యాక ఆడది తినదు. తినడానికి పనికొచ్చే నోటి భాగాలు కూడా దానికి సరిగ్గా మిగలవు. అంటే జనవరిలో పెట్టే గుడ్డు కిందటి వసంతంలో తిన్న తిండితో తయారైందే.

బావకు ఫోన్‌లో ఇంతే చెప్పాను. వెంటనే ఇంకోటి అడిగాడు. "మరి ఎన్ని గుడ్లు పెట్టాలో దానికెలా తెలుస్తుంది?" ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న అది. దాని దగ్గరికి వస్తాను.

అపోహ: సుప్తావస్థలో జన్యువులన్నీ ఆగిపోతాయి.

శ్వాస, కదలిక, పెరుగుదల బాగా తగ్గుతాయి. అంతమాత్రాన అన్నీ ఆగిపోయినట్టు కాదు. అట్లాంటిక్ జాతి కలానస్ ఫిన్‌మార్కికస్‌లో, లోతున నిద్రపోయేవాటిని పైన చురుగ్గా ఈదేవాటితో పోల్చి చూశారు. కొవ్వు తయారీకి, రవాణాకు సంబంధించిన కొన్ని జన్యువుల పని నిద్రలో తక్కువగా ఉంది. ఇనుమును పట్టి ఉంచే ఫెరిటిన్ జన్యువు పని మాత్రం నిద్రలోనే ఎక్కువగా ఉంది. ఇంట్లో దీపాలార్పినా వీధి తలుపు గడియ వేసే ఉంటుంది కదా, ఇదీ అలాంటిదే.

అపోహ: కొవ్వు అయిపోయేదాకా గుడ్లు తయారవుతూనే ఉంటాయి.

నేను కూడా చాలాకాలం ఇలాగే అనుకున్నాను. గాదె ఖాళీ అయ్యేవరకు వండుతూ పోవడమే కదా అని. కానీ అలా చేస్తే చివర్లో వచ్చే గుడ్లకు సరిపడా కొవ్వు దక్కదు. సగం నిండిన గుడ్డు వల్ల ఉపయోగం లేదు. లోతున గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్లకు పైనీళ్ళకు చేరి తినడం మొదలుపెట్టేదాకా తల్లి పెట్టిన కొవ్వే దిక్కు.

అసలు సంగతి 2023లో అచ్చయిన ఒక అధ్యయనంలో తేలింది. చేసింది హవాయి, అలాస్కా ఫెయిర్‌బ్యాంక్స్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు. లోతు నుంచి వలతో పైకి తెచ్చిన ఫ్లెమింగెరి ఆడవాటిని చీకట్లో, చల్లటి నీళ్ళలో ఉంచారు. వలలో పడిన కుదుపుకే వాటికి మెలకువ వస్తుంది కాబట్టి ఆ రోజు నుంచి లెక్క మొదలు. ఈడీయూ అనే పదార్థం కలిపిన నీళ్ళలో వాటిని ఉంచారు. కొత్తగా డీఎన్‌ఏ తయారుచేసుకునే కణం దాన్ని తనలో కలిపేసుకుంటుంది, తర్వాత రంగు వేస్తే సూక్ష్మదర్శిని కింద మెరుస్తుంది. అండాశయంలో ఆ మెరుపు మెలకువ వచ్చిన 24 గంటల్లోపే కనపడింది. 72 గంటలకు అత్యధికానికి చేరింది. రెండు వారాల దాకా బాగా ఉండి, తర్వాత తగ్గుతూ, నాలుగో వారానికి పూర్తిగా పోయింది. మొదటి విడత గుడ్లు పెట్టడానికి అప్పటికింకా మూడు నాలుగు వారాల గడువుంది.

అంటే ముందు లెక్క, తర్వాతే నింపడం. ఎన్ని గుడ్లు అన్నది మొదటి వారాల్లోనే తేలిపోతుంది. పచ్చసొన, కొవ్వు ఎక్కించడం ఆ తర్వాతి పని. విస్తళ్ళు ఎన్ని వేయాలో గాదె చూసి ముందే తేల్చుకుని, ఆ తర్వాతే వడ్డన మొదలుపెట్టినట్టు. దీన్ని చదివిన రోజు నా పాత గ్రాఫులన్నీ తీసి మళ్ళీ చూసుకున్నాను. ఎందుకు అన్నది తర్వాతి అపోహలో ఉంది.

అపోహ: ఆర్‌ఎన్‌ఏ పెరిగిందంటే శక్తి ఖర్చు పెరిగినట్టే.

మా రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళను కూడా తికమకపెట్టే అపోహ ఇదే. జన్యువు పనిలోకి దిగినప్పుడు తయారయ్యే దాని నకలే ఆర్‌ఎన్‌ఏ. మేము దాన్ని చదవడానికి కారణాలున్నాయి. ఫిన్‌మార్కికస్ జన్యురాశి, అంటే దాని మొత్తం డీఎన్‌ఏ, మనిషి జన్యురాశికి దాదాపు రెట్టింపు, దాన్ని మొత్తం చదవడం పెద్ద పని. పైగా మాకు కావలసింది ఈ వారం ఏ జన్యువు పనిచేస్తోందన్నది, ఆ సంగతి ఆర్‌ఎన్‌ఏలోనే దొరుకుతుంది. కానీ యంత్రం ఇచ్చే అంకెలు వాటాలు. వంద గింజల దోసిట్లో కందులు పది నుంచి యాభైకి పెరిగితే మిగతా గింజలన్నీ తగ్గినట్టు కనపడతాయి. నిజానికి బస్తాలో అవి తగ్గి ఉండకపోవచ్చు.

నేను చేరిన మొదటి సంవత్సరం ఇదే తప్పు చేశాను. గుడ్లు పెట్టబోయే ఆడవాటిలో కండరాల జన్యువుల వాటా తగ్గడం చూసి, ఒళ్ళు కరిగిపోతోందని స్లైడ్ తయారుచేశాను. మా ల్యాబ్‌లో సీనియర్ అక్క ఒకావిడ దాన్ని చూసి అడిగారు: "తగ్గింది కండరమా, దాని వాటానా?" వారం రోజులు కూర్చుని మళ్ళీ లెక్కలు వేశాను. పచ్చసొనకు మూలమైన విటెల్లోజెనిన్, అండాల జన్యువులు కలిసి పెద్ద వాటా తీసుకోవడం వల్లే మిగతావి తగ్గినట్టు కనపడ్డాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంత చిన్న ప్రాణి నుంచి ఆర్‌ఎన్‌ఏ తీయాలంటే చాలాసార్లు మొత్తం ఒంటినీ కలిపి నూరతాం. అందులో కడుపులోని గుడ్లూ ఉంటాయి. పిండం తొలి రోజుల్లో వాడుకోవడానికి తల్లి చాలా ఆర్‌ఎన్‌ఏను తయారుచేసి గుడ్డులో సర్దిపెడుతుంది. కూతురికి కట్టిన సారెలోని చీరల్ని తల్లి కట్టుకునే చీరల లెక్కలో వేయకూడదు కదా.

అందుకే శక్తి ఖర్చు కావాలంటే శక్తినే కొలవాలి. ఎంత ఆక్సిజన్ వాడింది, ఫొటోలో నూనె సంచి వైశాల్యం ఎంత తగ్గింది అన్నవి చూడాలి. ఏ పని ఎప్పుడు మొదలైందో ఆర్‌ఎన్‌ఏ చెబుతుంది, దానికి ఎంత ఖర్చయిందో నూనె సంచి చెబుతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప నేను ఏ మాటా గట్టిగా చెప్పను.

అపోహ: ఇంత చిన్న ప్రాణి కొవ్వు లెక్క ఎవరికి కావాలి?

చేపలకు, తిమింగలాలకు కావాలి. ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలం బతికేది ప్రధానంగా ఫిన్‌మార్కికస్ కొవ్వు మీదే. వాతావరణం లెక్క కట్టేవాళ్ళకూ కావాలి. ఆ జాతి కోపెపాడ్లు లోతుకు మోసుకెళ్ళి అక్కడ ఖర్చుచేసే కొవ్వు ద్వారా, ఉత్తర అట్లాంటిక్‌లో చదరపు మీటరుకు ఏడాదికి 2 నుంచి 6 గ్రాముల కార్బన్ లోతుకు చేరుతోందని 2015లో అంచనా వేశారు.

అపోహ: గుడ్లు పెట్టాక పైకి వచ్చి మళ్ళీ తింటుంది.

ఫ్లెమింగెరి రాదు. దాని జీవితంలో రెండో వసంతం లేదు. మొదటి వారం తీసిన ఫొటోలో నూనె సంచి ఒంటి మధ్యలో మెరిసే గాజు కడ్డీలా ఉంటుంది. చివరి విడత గుడ్ల తర్వాత తీసిన ఫొటోలో ఆ చోట ఏమీ ఉండదు, అవతలి గీతలు కూడా కనపడేంత తేటగా ఉంటుంది ఒళ్ళు. పక్కన గిన్నెలో గుడ్లుంటాయి. గుడ్డు గుడ్డుకీ కొలత తీసి రాసుకుంటే, తేడాలు చాలా స్వల్పం.