పిల్లల పుస్తకాలకు సబ్జెక్ట్ హెడింగులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: కథల పుస్తకమే కదా, సబ్జెక్ట్ హెడింగ్ (పుస్తకం దేని గురించో కేటలాగులో చెప్పే మాట) ‘పిల్లల కథలు’ అని పెడితే సరిపోతుంది.

వాస్తవం: బడి లైబ్రరీల కేటలాగు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ‘పిల్లల’ అన్నది చదివేవాళ్ల వయసు, ‘కథలు’ అన్నది ప్రక్రియ. పుస్తకం దేని గురించో ఆ రెండు మాటల్లోనూ లేదు. బీరువాలో సగం పుస్తకాలకు అదే హెడింగ్ ఉంటే, “ఏనుగు పుస్తకం ఉందా?” అని వచ్చిన పాపకు ఆ కేటలాగు ఎందుకూ పనికిరాదు.

నీళ్లంటే భయపడే గున్న ఏనుగు కథే తీసుకోండి. ‘ఏనుగులు – కథలు’, ‘భయం – కథలు’ అని రెండూ ఇవ్వాలి. చాలామంది రెండోది వదిలేస్తారు. భయం పోగొట్టే కథ కోసం వెతికే టీచరుకు కావలసింది అదే. మార్క్ (కంప్యూటర్ కేటలాగుకు వాడే ప్రామాణిక పద్ధతి) రికార్డులో దేని చోటు దానికుంది: విషయం 650 నంబరు గడిలో, ప్రక్రియ 655లో, ఏ వయసువాళ్లకో 521లో.

అపోహ: అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రికార్డు దించుకుంటే పని అయిపోయినట్టే.

వాస్తవం: అక్కడ పిల్లల పుస్తకాలకు 1960ల నుంచీ విడిగా హెడింగులు ఇస్తున్నారు. అందుకే ఒకే రికార్డులో రెండు వరసలు కనిపిస్తాయి. 650లో రెండో ఇండికేటర్ (గడి మొదట్లో ఉండే సూచిక అంకె) 0 అయితే అది సాధారణ జాబితాది: ‘డాగ్స్ – జువెనైల్ ఫిక్షన్’. 1 అయితే పిల్లల జాబితాది: ‘డాగ్స్ – ఫిక్షన్’. రెండూ ఉంచితే కుక్కల కథలు రెండు చోట్లకు చీలిపోతాయి. పిల్లల లైబ్రరీకి 1 వరసే మేలు. కానీ ఆ వరస అసలు లేని రికార్డులూ ఉంటాయి. చూడకుండా 0 ఉన్నవన్నీ ఒక్కసారే తీసేస్తే ఆ పుస్తకాలకు సబ్జెక్టే మిగలదు.

అపోహ: తెలుగులో ఎలా రాసినా కంప్యూటరే వెతికిపెడుతుంది.

వాస్తవం: మనకు బహువచనంలో మాట రూపమే మారిపోతుంది: గుర్రం, గుర్రాలు, తాబేలు, తాబేళ్లు. ఒకదానితో వెతికితే రెండోది దొరక్కపోవచ్చు. లెక్కపెట్టగలిగే వాటన్నిటికీ బహువచనమే అని నియమం పెట్టుకుని, ఏకవచనాన్ని అథారిటీ రికార్డులో (హెడింగ్‌కు ఖాయం చేసిన రూపం 150లో, మారు రూపాలు 450లో ఉండే రికార్డు) 450గా చేర్చండి. ‘చంద్రుడు’ 150లో ఉంటే చందమామ, జాబిలి 450లోకి వెళ్లాలి.

ఇంకో చిక్కు కంటికి కనబడదు. కొన్ని కీబోర్డులు ‘సైన్స్’ లాంటి పొల్లు మాటల చివర జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని గుర్తును చేర్చేస్తాయి, కొన్ని చేర్చవు. తెరమీద రెండూ ఒకేలా ఉన్నా హెడింగులు రెండవుతాయి. జాబితాలో ఒకే మాట రెండుసార్లు కనబడితే ముందు అనుమానించాల్సింది దీన్నే.

అపోహ: హెడింగులు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది.

వాస్తవం: పుస్తకంలో కనీసం 20 శాతం ఉన్న విషయానికే హెడింగ్ అన్నది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పాటించే కొలత. 32 పేజీల బొమ్మల పుస్తకంలో అది ఆరేడు పేజీలు. ఒక్క పేజీలో కాకి వాలిందని ‘కాకులు’ పెట్టకండి.

అపోహ: టీనేజీ పుస్తకాల్లో సున్నితమైన విషయాలకు హెడింగ్ ఇవ్వకూడదు.

వాస్తవం: నోరు తెరిచి అడగలేనివాళ్లు వెతుక్కునేది కేటలాగులోనే. హెడింగ్ లేకపోతే ఆ పుస్తకం వాళ్లకు లేనట్టే. ‘నెలసరి’ అని పెట్టి, పీరియడ్స్, బహిష్టు, ఋతుస్రావం మాటలను 450లో ఇవ్వండి. తాగుడు గురించిన నవలకు ‘చెడు అలవాట్లు’ అనొద్దు, ‘మద్యపానం – కథలు’ అనండి. తాగే తండ్రి ఉన్న ఇంట్లో పెరిగే అబ్బాయి కథ అయితే ‘తండ్రీకొడుకులు – కథలు’ కూడా చేర్చండి.