పాత పాటలా, పాట పాతలా?

రాజమండ్రి,
ఆదివారం సాయంత్రం

చిరంజీవులు చింటూ, పండులకు తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం కులాసా. మామ్మకు మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది. సంక్రాంతికి మీరు ఫోన్‌లో రికార్డు చేసుకెళ్ళిన పాటలన్నీ ఒక సైట్‌లో పెడతామని చెప్పారు కదా, అప్పట్నుంచీ తనకు ఒకటే టెన్షన్. "రెండో చరణం తప్పు పాడానేమోనండీ" అని రోజుకు నాలుగుసార్లు అడుగుతోంది.

నిన్న ఫోన్‌లో పండు అడిగినదానికి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "పాతపాటలు డాట్ కామ్ కావాలంటే ఎవరో తీసేసుకున్నారంట తాతయ్యా. వాళ్ళకెవరిచ్చారు? ఆ మాట అందరిదీ కదా?" అన్నావు. చింటూ అయితే ఏకంగా పదకొండు పేర్లు రాసి పంపి, ఏది బాగుందో టిక్కు పెట్టమన్నాడు. ఫోన్‌లో మొదలుపెడితే సగంలోనే "సరే తాతయ్యా బై" అంటారని, ఇలా ఉత్తరం రాస్తున్నాను. తప్పించుకోలేరు.

నాకు కంప్యూటర్ల సంగతి అంతంతమాత్రం. కానీ ఉద్యోగమంతా ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, ఉత్తరాలు సార్టింగ్ చేసినవాణ్ణి. ఈ డొమైన్ పేర్ల గురించి, అంటే సైట్ల అడ్రసుల గురించి, మీ నాన్నను అడిగి, నేనూ కొంత చదువుకున్నాక నవ్వొచ్చింది. ఇది మా పనే కదా!

ఇంట్లో పాత కవరు ఉంటే తీసి చూడండి. పైన మనిషి పేరు, దాని కింద ఇంటి నంబరు, వీధి, ఊరు, జిల్లా, చివర్న పిన్ కోడ్. చిన్నది పైన, పెద్దది కింద. రాసేవాళ్ళు పైనుంచి కిందికి రాస్తారు. మేం కిందినుంచి పైకి చదివేవాళ్ళం. రాత్రిపూట బండి ఊగుతుంటే కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడేవాళ్ళం. ఎదురుగా గోడంతా చెక్క గూళ్ళు, పక్కన సంచులు. ఉత్తరం సుబ్బారావుకా అప్పారావుకా అన్నది మాకు అనవసరం. ముందు పిన్‌లో మొదటి అంకె చూడాలి. 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక. 533 అంటే మన గోదావరి వైపు. చివరి మూడంకెలు పోస్టాఫీసు. సుబ్బారావు అన్న పేరు పట్టించుకునేది అందరికంటే చివర్న, ఆ ఊరి పోస్ట్‌మ్యాన్ ఒక్కడే.

మీ డొమైన్‌దీ ఇదే వరస. 'ఫలానా డాట్ ఇన్' అని మీరు కొట్టగానే కంప్యూటర్ చివర్నుంచి మొదలుపెడుతుంది. ముందు 'ఇన్' ఎవరిదో కనుక్కోవాలి. ప్రపంచంలోని చివరి మాటలన్నిటి జాబితా పెట్టుకున్న పెద్ద గూడు ఒకటుంది. దాన్ని అడిగితే "ఫలానా ఎవరో నాకు తెలీదు, ఇన్ చూసేవాళ్ళు వీళ్ళు, అక్కడ అడుగు" అంటుంది. అక్కడికి వెళ్తే "ఫలానా ఇంటి లెక్క అదిగో ఆ చోట ఉంది" అంటారు. ఆ చోట అడిగితే ఆ సైట్ ఉన్న కంప్యూటర్ నంబరు ఇస్తారు. యంత్రానికి కావలసింది ఆ నంబరే, పేరు మన కోసం. ఇంత తిరుగుడూ మీరు రెప్ప వేసేలోపు అయిపోతుంది. ఒకసారి తెలుసుకున్న దారిని కాసేపు గుర్తుపెట్టుకుంటుంది కూడా, మా సీనియర్ సార్టర్లు గూడు వైపు చూడకుండానే ఉత్తరం విసిరినట్టు.

ఒక తమాషా చెప్పనా? ప్రతి డొమైన్ పేరుకీ చివర మనం రాయని చుక్క ఇంకొకటి ఉంటుంది. ఆ పెద్ద గూటికి గుర్తు అదే. 'డాట్ ఇన్' తర్వాత ఇంకో చుక్క పెట్టి ఏదైనా సైట్ తెరిచి చూడండి. చాలా వరకు తెరుచుకుంటాయి. నేను నిన్న రాత్రి పదకొండింటి దాకా అదే పనిలో ఉన్నాను, మామ్మ వచ్చి దీపం ఆర్పేదాకా.

ఇప్పుడు పండు ప్రశ్నకు వస్తాను. కానీ దానికి ముందు మా ఊరి సంగతి చెప్పాలి.

మా నాన్న, అంటే మీ ముత్తాత, వెంకటాపురంలో బ్రాంచి పోస్టుమాస్టరు. పోస్టాఫీసు అంటే మా ఇంటి అరుగే. ఒక బల్ల, ముద్రలు, సిరా దిండు, తూకం. కవరు మీద "మా పెద్దోడు గారికి, వెంకటాపురం" అని ఉన్నా ఎవరికివ్వాలో ఆయనకు తెలిసేది. ఊరందరి పేర్లూ, ముద్దుపేర్లూ, ఎవరి కొడుకు ఏ ఊళ్ళో కూలికెళ్ళాడో అన్నీ నోటికే. ఇంటర్నెట్ మొదట్లో అచ్చం ఇలాగే ఉండేదట. అమెరికాలో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడ, ఆవిడ దగ్గర పనిచేసేవాళ్ళు, ఉన్న కంప్యూటర్లన్నిటి పేర్లూ ఒకే పట్టీలో రాసి పెట్టేవాళ్ళు. కొత్త పేరు కావాలంటే వాళ్ళకే చెప్పుకోవాలి. అందరూ ఆ పట్టీనే నకలు తీసుకునేవాళ్ళు. యంత్రాలు పెరిగేసరికి అది మోయలేని బరువైంది. అప్పుడు 1983లో పాల్ మొకాపెట్రిస్ అనే ఆయన ఈ గూళ్ళ పద్ధతి కట్టాడు. అందరి పేర్లూ ఒక్కడే గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఎవరి గూడు వాళ్ళు చూసుకుంటే చాలు, ఎవర్ని అడగాలో తెలిస్తే చాలు.

మా ఊరితో వచ్చిన చిక్కేమిటంటే, వెంకటాపురాలు ఎన్నో. మా జిల్లాలోనే ఒకటికి మించి ఉండేవి. ఒకసారి మా పెద్దమ్మ కూతురి పెళ్ళి శుభలేఖ మీద ఎవరో "వెంకటాపురం" అని మాత్రం రాసి పోస్టు డబ్బాలో వేశారు. 'వయా తుని' అని గానీ, తాలూకా పేరు గానీ రాయలేదు. అది మూడు వెంకటాపురాలు తిరిగి, ముద్రలతో నల్లబడి, పెళ్ళయిన పదిహేను రోజులకు మా అరుగు మీదికి వచ్చింది. మా అమ్మ ఆ శుభలేఖను చాలాకాలం దాచింది, ఎందుకో మరి. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చింది. అప్పుడు నాకు పదమూడేళ్ళు. ఇక ఏ వెంకటాపురం అని ఎవరూ అడగనక్కర్లేదని నాన్న ఊరంతా తిరిగి ఆ ఆరు అంకెలూ అందరి చేతా బట్టీ పట్టించాడు. ఆ పద్ధతి ఆలోచించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృతంలో కవిత్వం కూడా రాసేవారు. అంకెల మనిషి కవి కావడం నాకు భలే ఇష్టమైన విషయం.

సరే, పండూ. ఊళ్ళకైతే ఒకే పేరు పదింటికి ఉన్నా పోస్టల్ డిపార్టుమెంటు ఎలాగో నెట్టుకొచ్చింది. డొమైన్‌లో ఆ వీలు లేదు. ఒక గూట్లో ఒక పేరు ఒక్కటే. కాబట్టి ముందు అడిగినవాళ్ళకే ఇస్తారు. చివరి మాటల పెద్ద జాబితాను 1998లో పుట్టిన ఐకాన్ అనే సంస్థ చూస్తుంది. 'ఇన్' మన దేశానిది, దాన్ని 2005 నుంచి నిక్సి అనే సంస్థ చూస్తోంది. వాళ్ళ తరఫున అమ్మే దుకాణాలు బోలెడు. "ఆ మాట అందరిదీ కదా" అన్నావే, నిజమే. పాత పాటలు అనే మాట అందరిదీ. 'కామ్' గూట్లో ఆ పేరు పలక మాత్రం ఒకరిది. అదే మాట 'ఇన్' గూట్లో ఖాళీగా ఉండొచ్చు. ఆ దారిలోనే వెతకండి. అంతేగానీ పక్కవాడి పేరుకే ఒక అడ్డగీతో ఒక అక్షరమో తగిలించి పెట్టుకోకండి. పక్కింటి గేటు దగ్గర నిలబడి వాళ్ళ చుట్టాలను మన ఇంట్లోకి పిలిచినట్టుంటుంది. ఏ కంపెనీ పేరో పెట్టుకుంటే వాళ్ళు ఫిర్యాదు చేసి లాక్కుంటారు కూడా.

చివరి మాటల్లో మరీ సరదా అయినవి ఉన్నాయి. 'టీవీ' అంటే టెలివిజన్ అనుకునేరు. అది పసిఫిక్ సముద్రంలో తువాలు అనే బుల్లి దీవుల దేశానిది. అవును, మనం తుడుచుకునే తువాలే! టీవీ వాళ్ళంతా ఆ మాట కోసం ఎగబడితే ఆ దేశానికి డబ్బులొచ్చాయి. 'ఏఐ' కూడా అంతే, కరీబియన్ సముద్రంలోని అంగ్విల్లా అనే దీవిది. మ్యాప్‌లో రెండూ వెతకండి. తువాలు దొరకడం కష్టం, చెబుతున్నా.

ఇక చింటూ జాబితా. ఏడో పేరు 'మామ్మ పాడిన మంచి మంచి పాత పాటలు'. ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే 33 వచ్చాయి, లెక్కపెట్టాను. 63 దాకా ఇస్తారు, నిజమే. ఇస్తారు కదా అని కవరంతా పేరే రాస్తే అడ్రసు ఎక్కడ రాస్తావురా? చదివేవాడికి ఊపిరి ఆడాలి. తొమ్మిదో పేరులో మధ్యలో అడ్డగీత, చివర 2. అది ఎవరికైనా నోటితో చెప్పి చూడు. "మామ్మ, మధ్యలో గీత, కింది గీత కాదు మధ్య గీత, పాటలు, చివర రెండు, అక్షరాల్లో కాదు అంకె." ఈలోపు వినేవాళ్ళు పెన్ను పారేస్తారు.

అన్నిటికంటే పెద్ద గండం మొదటి పేరులో ఉంది, 'మామ్మ పాత పాటలు'. ఇంగ్లీషులో పీ ఏ టీ ఏ రాస్తే అది పాతా, పాటా? మనవాళ్ళు 'త'కి టీ పక్కన హెచ్ పెడతారు. పుణేలో మీ పక్కింటివాళ్ళు టీ ఒక్కటే రాస్తారు, హెచ్ కనబడితే 'థ' అని చదువుతారు. దీర్ఘానికి కొందరు రెండు ఏలు, కొందరు ఒకటే. నేను కాగితం మీద వేసి చూశాను. పాత నాలుగు రకాలుగా, పాటలు రెండు రకాలుగా, మామ్మ రెండు రకాలుగా రాయొచ్చు. మొత్తం 16 స్పెల్లింగులు! మీరు చెప్పిన 'పాత పాటలు' వాళ్ళు 'పాట పాతలు' అని రాసుకుంటారు. మళ్ళీ మూడు వెంకటాపురాల కథే. పోస్టులో అయితే తప్పు అడ్రసు ఉత్తరాన్ని ఏ గుమాస్తానో జాలిపడి సరైన చోటికి తోసేవాడు. ఇక్కడ ఒక్క అక్షరం తేడా వచ్చినా అంతే సంగతులు, జాలిపడేవాడు ఉండడు. నా పోలిక ఇక్కడ కాస్త కుంటుతుందని తెలుసు, అయినా వదలబుద్ధి కావడం లేదు.

అందుకని త, ట, ద, డ, ణ, ళ లేని మాట వెతకండి. ఒత్తులు లేకపోతే మరీ మంచిది. 'జోల' అనుకున్నాను. జె ఓ ఎల్ ఏ. బాగానే ఉంది గానీ పక్కింటివాళ్ళు 'ఝోలా' అని వింటే చేతిసంచీ అనుకుంటారు. మామ్మ పాటల్లో సగం దంపుళ్ళ పాటలే కదా, అందుకని 'రోకలి' అనుకున్నాను. ఆర్ ఓ కే ఏ ఎల్ ఐ. ఆరే అక్షరాలు. మామ్మకు చెబితే మూతి ముడిచింది. "నా గొంతుకీ రోకలికీ పోలికా?" అంది. మీరే తేల్చుకోండి. మీ పూర్తి పేర్లు, స్కూలు పేరు మాత్రం అందులో పెట్టొద్దు.

కొనేది నాన్న పేరు మీద, నాన్న మెయిల్‌తోనే కొనాలి. మా రిటైరైనవాళ్ళ సంఘానికి ఒక కుర్రాడు సైట్ చేసిపెట్టి, డొమైన్ తన మెయిల్ మీద తీసుకున్నాడు. ఉద్యోగం మారాడు, ఫోన్ నంబరు మారింది. గడువు దగ్గరపడిందన్న కబురు అతనికే వెళ్ళింది, మాకు తెలీలేదు. కొన్నాళ్ళకు చూస్తే మా సంఘం పేరు మీద ఏవో ప్రకటనలు! పేరు కొనడం అంటే సొంతం కాదు, అద్దెకు తీసుకోవడమే. ఒకేసారి పదేళ్ళకు మించి ఇవ్వరు. మొదటి ఏడాది చవగ్గా చూపించి రెండో ఏడాది నుంచి రేటు పెంచే దుకాణాలున్నాయి, ఆ రెండో అంకె చూసి కొనమనండి. కట్టుకుంటూ పోతే మాత్రం పేరు మనకంటే ఎక్కువకాలం బతుకుతుంది. 'కామ్' గూట్లో మొట్టమొదట నమోదైన పేరు సింబాలిక్స్, 1985 మార్చి 15న. ఆ కంపెనీ పోయింది. పేరు చేతులు మారి ఇంకా ఉంది.

తెలుగు లిపిలోనే పేరు పెట్టుకోవచ్చా అని మీరు అడగలేదు గానీ, నేను నాన్నను అడిగాను. పెట్టుకోవచ్చట! 'ఇన్' బదులు 'భారత్' అని ఉంటుంది. 2014లో దేవనాగరితో మొదలుపెట్టి, తర్వాత తెలుగులోనూ ఇచ్చారు. అందులో అయితే త, ట గొడవే లేదు. కానీ పాత యంత్రాంగానికి ఇంగ్లీషు అక్షరాలే తెలుసు కాబట్టి, లోపల మన 'భారత్' అన్న మూడక్షరాలు ఎలా మారతాయో తెలుసా? ఎక్స్ ఎన్, రెండు అడ్డగీతలు, ఎఫ్ పీ సీ ఆర్ జే తొమ్మిది సీ మూడు డీ. ఎందుకలా అంటే నన్నడక్కండి, నాకూ పూర్తిగా బోధపడలేదు. మనం భారత్ అని రాస్తే, అది ఆ వింత వేషం వేసుకుని లోకమంతా తిరిగి, మళ్ళీ మన కళ్ళ ముందుకు భారత్‌గానే వస్తుంది. నాకు అంతవరకు చాలు.

మీకు ఒక పని చెబుతున్నాను. జాబితాలోంచి మూడు పేర్లు ఉంచుకోండి. రేపు సాయంత్రం తుని పెద్దత్తకు ఫోన్ చేసి ఒక్కొక్కటి ఒక్కసారే చెప్పండి. స్పెల్లింగ్ చెప్పొద్దు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి వాట్సాప్‌లో పంపమనండి. పక్కింటి ఆంటీతో కూడా అలాగే చేయించండి. ఇద్దరి దగ్గర్నుంచీ ఒకేలా తిరిగొచ్చిన పేరేదో నాకు రాయండి. పెద్దత్త ఏడింటికి సీరియల్ చూస్తుంది, ఆరింటికే చేయండి.

ఇదిగో, మామ్మ వెనకనుంచి అడుగుతోంది, రెండో చరణం మళ్ళీ పాడి పంపమంటారా అని.

ఇట్లు,
మీ తాతయ్య